గుమ్మటం ఎక్కడిది? నూటయాభై ఏళ్ల వాదానికి ఒక సమీక్ష

2023 ఏప్రిల్ 30న హైదరాబాద్‌లో తెలంగాణ కొత్త సచివాలయం ప్రారంభమైంది. దానికి ముందు నుంచే ఆ భవనం నెత్తిన ఉన్న గుమ్మటాల మీద రాజకీయ రగడ నడిచింది. అవి నిజాముల పోకడ అని ఒక పక్షం వాదించింది. నిజామాబాద్ నీలకంఠేశ్వరాలయమూ వనపర్తి రాజమహలూ చూసి గీసినవని మరో పక్షం చెప్పుకొచ్చింది. రెండు పక్షాలూ తిరిగింది ఒకే ప్రశ్న చుట్టూ: గుమ్మటం మనదా, బయటి నుంచి వచ్చిందా?

ఈ ప్రశ్న పాతది. 1876లో జేమ్స్ ఫెర్గుసన్ భారతీయ వాస్తు చరిత్ర అచ్చయినప్పటి నుంచి పండితులు దీని మీద పేజీలకు పేజీలు రాస్తూనే ఉన్నారు. వాదం ముదిరిన కొద్దీ తేటపడాల్సింది పోయి చిక్కుపడింది. అందుకు కారణం ఒకటుంది. వాదించినవారు మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకే మూటగా కట్టారు. బోర్లించిన గిన్నె లాంటి ఆ రూపం ఎక్కడిది అన్నది మొదటిది. ఆ కప్పు పడిపోకుండా నిలబెట్టే పనితనం ఎక్కడిది అన్నది రెండోది. దాని కింద మనుషులు నిలబడే చోటు, ఆ గుండ్రటి గది ఎక్కడిది అన్నది మూడోది. మూడింటికీ ఒకే జవాబు దొరుకుతుందని ఎవరైనా ఆశిస్తే నిరాశ తప్పదు. విడదీసి చూస్తే మాత్రం వాదంలో సగం దానంతట అదే సద్దుమణుగుతుంది. మిగిలిన సగం నిజంగా తేలనిది.

ఒక్క మాట, నాలుగు వస్తువులు

తెలుగులో గుమ్మటం అన్న మాట పారశీకపు గుంబద్ నుంచి వచ్చింది. మాట బయటిది కాబట్టి వస్తువూ బయటిదేనని అనుకోవడం తేలిక. కానీ ఆ మాట రాకముందు కూడా ఇలాంటి రూపాలకు మన శిల్పుల దగ్గర పేర్లు కరువు కాలేదు. స్తూపం ఉబ్బెత్తు భాగం అండం. ద్రావిడ విమానం కొసన కూర్చునే గుండ్రటి, లేదా ఎనిమిది పలకల తలకట్టు శిఖరం. మంటపంలో నిలబడి తలెత్తి చూస్తే వలయాలు వలయాలుగా ముడుచుకుపోయే లోకప్పు వితానం. కొయ్యతో, గడ్డితో కట్టిన ఉబ్బెత్తు కప్పు ఇల్లు కూటం.

ఇప్పుడు వీటన్నిటినీ మనం గుమ్మటమనే అంటున్నాం. కానీ అండం లోపల ఇటుక, మట్టి నిండి ఉంటాయి. అందులోకి ఎవరూ అడుగుపెట్టలేరు. శిఖరం బయటి నుంచి చూడటానికే, లోపల గది ఉండాలన్న నియమం లేదు. వితానం లోపలి నుంచి చూడటానికే, బయట దాని మీద మెట్ల వరసల పైకప్పు ఉండొచ్చు. ఢిల్లీలో హుమాయూన్ సమాధి లాంటి చోట్ల మాత్రం గుమ్మటం రెండు పొరలు: లోపలి గదికి తగినట్టు ఒకటి, ఊరంతా చూసేట్టు ఒకటి, మధ్యలో ఖాళీ. వీటిలో ఒకదాని గురించి రుజువు చేసిన సంగతిని ఇంకొకదానికి తగిలించడమే వాదంలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగిన పొరపాటు.

తెలుగు మాట గుడి కూడా ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. 'కి', 'మి' అక్షరాల నెత్తిన పెట్టే గుండ్రటి గుర్తు గుడి. చంద్రుడి చుట్టూ కనిపించే వెలుగు వలయం వరదగుడి. దేవుడుండే ఇల్లూ గుడే. దీన్ని పట్టుకుని మన తొలి ఆలయాలన్నీ గుండ్రంగా ఉండేవని చెప్పేస్తే అది తొందరపాటే. మాట ఒక సూచన మాత్రమే, సాక్ష్యం నేలలో దొరకాలి. ఆ సాక్ష్యం కొంత ఉత్తరాంధ్ర తీరంలో ఈమధ్య కాలం దాకా కళ్లెదుటే ఉండేది: చుట్టిల్లు. వలయంగా లేపిన మట్టిగోడ, దాని మీద దాదాపు నేల దాకా దిగిన తాటాకు చూరు. మూలలు లేని ఇంటికి గాలివాన పట్టు దొరకదు. చుట్టింటి కప్పు గుమ్మటం కాదు, మొన తేలిన గరాటు. అయినా గుండ్రటి గది కట్టడానికి ఏ పరదేశపు పాఠమూ అక్కర్లేదని చెప్పడానికి అది చాలు.

రాతిలో మిగిలిన కర్ర

గుండ్రటి గది, దాని మీద ఉబ్బెత్తు కప్పు. ఈ రెండూ కలిసి మన దేశంలో ఇప్పటికీ నిలిచి ఉన్న తొలి చోటు బిహార్‌లోని బరాబర్ కొండలు. అక్కడి సుదామ గుహను అశోకుడు తన పాలన 12వ ఏట ఆజీవిక సన్యాసులకు దానమిచ్చినట్టు శాసనం ఉంది. అద్దంలా నునుపెక్కిన పొడవాటి గది, దాని చివర గుండ్రటి గది, దానికి అర్ధగోళపు కప్పు. గుండ్రటి గది బయటి గోడకు రాతిలోనే చూరు చెక్కారు, గడ్డి కప్పు ముందుకు వాలినట్టుగా. కొండలో తొలిచిన గుహకు చూరుతో పనేముంది? వాన పడేది లేదు, నీరు జారేది లేదు. చెక్కినవాళ్ల కళ్ల ముందు ఒక గడ్డి కుటీరం ఉందన్నమాట. దాన్నే రాతిలోకి తెచ్చారు.

రాజస్థాన్‌లోని బైరాట్‌లో 1935-36లో దయారాం సాహ్ని తవ్వి తీసిన గుండ్రటి ఆలయం ఈ కథకు మరో ముక్క కలుపుతుంది. వలయంగా ఉన్న ఇటుక గోడలో మధ్య మధ్య 26 కొయ్య స్తంభాలు, చుట్టూ ప్రదక్షిణ దారి. పునాదులు మిగిలాయి, కప్పు పోయింది.

ఆ పోయిన కప్పు ఎలా ఉండేదో చూపించే చోటు మన దగ్గర ఉంది. ఏలూరు జిల్లా కామవరపుకోటకు దగ్గరలో, జీలకర్రగూడెం పక్కన గుంటుపల్లి కొండ. అక్కడి గుండ్రటి చైత్యగృహం, అంటే స్తూపాన్ని పూజించే మందిరం, సాధారణంగా క్రీస్తుపూర్వం రెండో శతాబ్దానిదని చెబుతారు. అడ్డకొలత సుమారు 18 అడుగులు, ఎత్తు అంతకన్నా కాస్త తక్కువ. మధ్యలో రాతి స్తూపం, దాని చుట్టూ ఒక మనిషి నడవగలిగినంత సందు. తలెత్తితే కప్పంతా వాసాలు. గోడ పైఅంచు నుంచి వంపు తిరుగుతూ లేచి నడినెత్తి దగ్గర కలుసుకునే వాసాలు, వాటిని అడ్డంగా పట్టి ఉంచే వలయపు పట్టెలు. అంతా ఒకే బండ. ఇవి దేనినీ మోయడం లేదు. అయినా వడ్రంగి పనిలో ఏ కర్ర ఎక్కడ ఆనాలో, ఏది దేని మీదుగా పోవాలో శిల్పి వదిలిపెట్టకుండా చెక్కాడు. వాకిలి మీద లాడం ఆకారపు కమాను కూడా కర్ర వంచి చేసినట్టే ఉంటుంది. ఆ స్తూపమే ఇవాళ ధర్మలింగేశ్వరుడిగా పూజలందుకుంటోంది.

మహారాష్ట్రలోని జున్నర్ దగ్గర తుల్జా లేణి గుహల్లో గుండ్రటి చైత్యం ఇంకొంచెం పెద్దది. స్తూపం చుట్టూ 12 స్తంభాలు, వాటి మీద గుమ్మటపు కప్పు. ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం ఇప్పుడు కోల్‌కతా ఇండియన్ మ్యూజియంలో ఉన్న భర్హుత్ శిల్పాల్లో ఉంది. దేవతలు సభ తీరే మందిరాన్ని గుమ్మటపు కప్పుతో, కొసన కలశంతో చెక్కి, అది సుధర్మ దేవసభ అని పక్కనే బ్రాహ్మీ లిపిలో పేరు రాశారు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దపు శిల్పి దృష్టిలో దేవతల సభకు తగిన కప్పు గుమ్మటమే.

కాబట్టి మొదటి, మూడో ప్రశ్నల దగ్గర పెద్ద సందేహానికి తావు లేదు. ఆ రూపమూ ఆ గదీ ఈ నేల మీద పన్నెండో శతాబ్దానికి చాలా ముందు నుంచీ ఉన్నాయి. కానీ అవి కర్ర కప్పులు, వాటి రాతి ప్రతిబింబాలు. ఇటుకను ఇటుకకు ఆనించి, సున్నంతో బిగించి గాలిలో నిలబెట్టిన కప్పులు కావు. అసలు తగాదా అక్కడే మొదలవుతుంది.

ఫెర్గుసన్, హావెల్, క్రెస్వెల్

ఫెర్గుసన్ నీలిమందు వ్యాపారం చేస్తూ దేశమంతా తిరిగి కట్టడాలు కొలిచి గీసుకున్న మనిషి. భారతీయ శిల్పులు కమానును ఇష్టపడలేదని, దూలాన్నీ అడ్డంగా పేర్చిన రాళ్లనూ నమ్ముకున్నారని ఆయన సారాంశం. కమాను ఎప్పుడూ నిద్రపోదు, అది ఎప్పుడూ పక్కకు తోస్తూనే ఉంటుంది అన్న భావాన్ని ఆయన హిందూ శిల్పుల మాటగా ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన పద్ధతిలో గొప్ప లాభం ఒకటుంది: కట్టుబడిని చూశాడు. నష్టం కూడా ఉంది: కట్టుబడిని మతాల పేర్లతో గదులుగా విడగొట్టాడు. హిందూ పద్ధతి, ముస్లిం పద్ధతి అన్న పేర్లు అప్పటి నుంచి వాదానికి అతుక్కుపోయాయి.

కలకత్తా చిత్రకళా పాఠశాలను నడిపిన ఇ.బి. హావెల్ 1913లో దీన్ని తలకిందులు చేశాడు. ఆయన దృష్టిలో తాజ్‌మహల్ ఉబ్బెత్తు గుమ్మటం కూడా భారతీయమే, దాని పూర్వీకులు అజంతా చైత్యాల్లో చెక్కిన మందిరాల్లో, స్తూపాల్లో, తామర రేకుల పీఠాల్లో ఉన్నారు. స్వదేశీ ఉద్యమపు రోజుల్లో ఆ మాటకు ఉండే బలం ఊహించవచ్చు. మరుసటి ఏడాదే కె.ఎ.సి. క్రెస్వెల్ భారతదేశపు గుమ్మటాలకు మూలం పారశీకంలోనే ఉందని ఎదురు వ్యాసం రాశాడు. రెండు పొరల గుమ్మటం, దాని కింద ఎత్తయిన మెడ, మూలల్లో కమానులు ఇరాన్, మధ్య ఆసియాల్లో ఏ వరసలో పెరిగాయో మెట్టు మెట్టుగా చూపించాడు.

ఇద్దరి వాదాలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. హావెల్ చూపించినవన్నీ రూపాలు. క్రెస్వెల్ చూపించినవన్నీ కట్టుబడులు. ఒకరు చెప్పిన మాటకు రెండోవారు జవాబు చెప్పలేదు. తాజ్ గుమ్మటం అడుగున ఉన్న రేకుల వరసనూ నెత్తిన బోర్లించిన తామరనూ క్రెస్వెల్ వంశవృక్షం వివరించదు. అంత బరువైన ఇటుక పెంకు ఎలా నిలిచిందో అజంతా శిల్పం వివరించదు. నా మట్టుకు కట్టుబడి విషయంలో క్రెస్వెల్ వాదమే గట్టిదని తోస్తుంది. కానీ అదే మొత్తం జవాబని ఆయన అనుకోవడం పొరపాటు.

మూడో దారి తొక్కినవాడు ఆనంద కుమారస్వామి. 1938లో గుమ్మటపు ప్రతీకార్థం మీద రాసిన వ్యాసంలో ఆయన మూలాల గొడవను పక్కన పెట్టాడు. కప్పు నడినెత్తిన వాసాలు కలిసే ఆ ఒక్క బిందువు గురించి, ఆకాశానికీ ఇంటికప్పుకూ మనిషి తలకూ మధ్య మన గ్రంథాలు చూపే పోలిక గురించి రాశాడు. 1950లో బాల్డ్విన్ స్మిత్ మధ్యధరా సముద్రపు దేశాల సాక్ష్యంతో దాదాపు ఇదే వైపు వచ్చాడు. రాతి గుమ్మటం ఇంజనీర్ల అవసరం నుంచి పుట్టలేదు, అంతకు ముందే కొయ్యలోనూ గుడారంలోనూ జనం పవిత్రంగా భావించిన ఒక రూపం నుంచి పుట్టింది అని అతని వాదం. ఈ దారిలో ఒక ప్రమాదం ఉంది. ప్రతీకలతో ఏ గుమ్మటాన్నయినా ఏ గుమ్మటానికైనా చుట్టరికం కలపొచ్చు. కానీ గుంటుపల్లి వాసాలను అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి తాళంచెవి ఇంకా దొరకలేదు.

పేర్చిన కప్పు, ఆనించిన కప్పు

పాఠ్యపుస్తకాలు ఒక గీత గీస్తాయి. రాళ్లను అడ్డంగా పరుస్తూ ఒక్కో వరసను కొంచెం లోపలికి జరుపుతూ పేర్చితే అది అసలు గుమ్మటం కాదు. రాళ్లను నడిమధ్యకు వాలేట్టు కోణంగా కోసి ఒకదానికొకటి ఆనిస్తే అది అసలు గుమ్మటం. మొదటిది హిందూ, జైన నిర్మాణాలది, రెండోది సుల్తానులతో వచ్చింది. ఈ గీత ఎంత నిజం?

మొదట పేర్చిన కప్పును దగ్గరగా చూడాలి. మౌంట్ అబూ మీద విమల వసహి రంగమంటపంలో ఎనిమిది స్తంభాల మీద ఎనిమిది దూలాలు కలిసి ఎనిమిది మూలల చట్రమవుతాయి. దాని మీద వరసలు గుండ్రం తిరిగి, ఒక్కొక్కటీ లోపలికి జరుగుతూ చిన్నవవుతూ పోతాయి. చివరికి నడిమధ్య నుంచి ఒక రాతి పుష్పం కిందికి వేలాడుతుంది. గుజరాత్ ఆలయాల వితానాల మీద నానావటి, ఢాకీ 1963లో చేసిన అధ్యయనం వీటిని సమతలం, క్షిప్తం, ఉత్క్షిప్తం అని శిల్పుల సొంత మాటలతోనే వర్గాలు కట్టింది. మతాల పేర్లు లేని వర్గీకరణ అది, ఫెర్గుసన్ దానికన్నా ఎంతో మేలు.

తిన్నని గోడ మీద రాయిని ముందుకు జరిపితే, సగం కన్నా ఎక్కువ బయటికి పోగానే అది బోర్లా పడుతుంది. గోడ గుండ్రంగా ఉంటే లెక్క మారుతుంది. వరసలో ఆఖరి రాయి బిగిసి వలయం పూర్తయ్యాక, ఏ రాయి లోపలికి ఒరగబోయినా రెండు పక్కల రాళ్లు భుజాలు అడ్డుపెడతాయి. వలయం తనను తానే పట్టుకుంటుంది. అందుకే గుండ్రటి కప్పును కింద సెంట్రింగ్ లేకుండానే వరస తర్వాత వరస కట్టుకుంటూ పోవచ్చు. కమానుకు ఆ వెసులుబాటు లేదు, నెత్తిన ఆఖరి రాయి పడేదాకా కింద కర్రల అచ్చు మోయాల్సిందే. అంటే పేర్చిన గుండ్రటి కప్పులో కూడా వలయం అడ్డంగా కమాను పనే చేస్తోంది. అసలు గుమ్మటం, నకిలీ గుమ్మటం అన్న విభజన ఇక్కడే పలచబడుతుంది. గ్రీస్‌లో మైసీనీ దగ్గర అట్రియస్ సమాధి అడ్డకొలత 14.5 మీటర్లు, పూర్తిగా పేర్చిన కప్పు, మూడువేల ఏళ్లు దాటినా నిలిచే ఉంది. దాన్ని ఏ గదిలో పెట్టాలన్న దాని మీదా ఇంజనీర్ల మధ్య ఇదే తగాదా.

ఆనించిన గుమ్మటానికి తన కష్టం తనకుంది. అర్ధగోళపు పలుచని కప్పులో నడినెత్తి నుంచి దాదాపు 52 డిగ్రీల దాకా వలయాలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, అంతకు కిందివి విచ్చుకోవాలని చూస్తాయి. రాయికి, సున్నానికి నొక్కుడు భయం లేదు. లాగుడే భయం. గుమ్మటాల అడుగున నిలువు బీటలు కనిపించేది అందుకే. రోములో 43 మీటర్ల పాంథియన్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఆ విచ్చుకునే చోట బరువు పెంచడం, గోడ మందం చేయడం, లేదా నున్నగా వంగిన రూపాన్ని వదిలి మొనదేలిన రూపం ఎంచుకోవడం, అన్ని దేశాల మేస్త్రీలూ ఈ మందులే వాడారు.

అయితే సుల్తానులకు ముందు ఇక్కడివారికి కమాను తెలియదా? తెలుసు. కాన్పూర్ దగ్గర భీతర్‌గావ్‌లో గుప్తుల కాలపు ఇటుక ఆలయంలో ఇటుకలు ఆనించి కట్టిన కమాను కప్పులను పురావస్తు శాస్త్రవేత్త కన్నింగ్‌హామ్ నూటయాభై ఏళ్ల కిందటే గుర్తించాడు. తెలిసి కూడా ఎందుకు విరివిగా వాడలేదన్నదే అసలు ప్రశ్న. రాతి దూలం దొరికే నేలలో దాని అవసరం రాలేదని కొందరు, శిల్పుల కుటుంబాల్లో దిగివచ్చిన కొలతలూ ప్రతిష్ఠా విధులూ దూలం చుట్టూ అల్లుకున్నాయని కొందరు అంటారు. ఇర్ఫాన్ హబీబ్ లాంటి చరిత్రకారులు సున్నం వైపు వేలు చూపిస్తారు: బిగువైన సున్నపు గార వాడకం పదమూడో శతాబ్దం నుంచి పెరిగాకే కమాను, గుమ్మటం విస్తరించాయని. మూడింటిలో ఈ చివరిది పరీక్షించి చూడదగ్గ వాదం, అందుకే దానికి ఎక్కువ విలువ.

ఢిల్లీలో మార్పు ఒక్క రాత్రిలో జరగలేదు. కుతుబ్ మసీదు తొలి కమానులు ఆకారంలో కమానులే, కట్టుబడిలో అడ్డంగా పేర్చినవి. పాత ఆలయాల వితానాలే ఆ మసీదు వసారాల్లో కప్పులయ్యాయి. 1287 ప్రాంతపు బల్బన్ సమాధిలో ఆనించిన కమాను వచ్చింది, 1311 నాటి అలాయీ దర్వాజాలో దాని మీద గుమ్మటం స్థిరపడింది. అంటే కొత్త రూపం అడిగినవారికి పాత చేతులు పాత పద్ధతిలోనే కట్టిపెట్టిన దశ ఒకటి గడిచింది, ఒక తరానికి పైగా.

దక్కనులో కలిసిపోయిన గీత

వాదులాడుకునేవారు ఢిల్లీ, ఆగ్రాల చుట్టూనే తిరుగుతారు గానీ, ఈ ప్రశ్నకు అన్నిటికన్నా ఆసక్తికరమైన సాక్ష్యం దక్కనులో ఉంది. గుల్బర్గా కోటలోని జామా మసీదు 1367 నాటిది. అందులో తెరిచిన ముంగిలి లేదు, మొత్తం గుమ్మటాల కిందే ఉంది. కట్టించిన రఫీ పారశీకంలోని ఖజ్వీన్ నుంచి వచ్చినవాడని శాసనం చెబుతోంది. ఇక్కడ మూలం గురించి అనుమానం లేదు.

గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధులకు వస్తే అంత తేలికగా చెప్పలేం. ఉబ్బిన గుమ్మటం పారశీక పోకడే. అది రేకులు విచ్చిన తామర లోంచి లేస్తున్నట్టు అడుగున తీర్చిన గచ్చు పని దక్కనుది. 2013లో మొదలైన పునరుద్ధరణలో పాత సిమెంటు పూతలు గీకి మళ్లీ సున్నంతో పని చేసినప్పుడు ఆ గచ్చు పనితనం ఎంత సున్నితమైందో బయటపడింది. ఇదే ఊళ్లో కోట వాకిలి గుమ్మటం కింద కొట్టిన చప్పట్లు కొండ మీది బాలాహిస్సార్‌లో వినిపిస్తాయి. అది తెలిసి చేసిన ఏర్పాటా, కుదిరిన అదృష్టమా అన్నదీ చిన్న వాదమే.

బీజాపూర్ గోల్ గుంబజ్ దగ్గర ఆగక తప్పదు. 1656లో చనిపోయిన మహమ్మద్ ఆదిల్‌షా సమాధి అది. లోపల సుమారు 41 మీటర్ల చదరపు గది. చదరం మీద గుండ్రం కూర్చోబెట్టడమే గుమ్మటాల నిర్మాణంలో పాత తలనొప్పి. ఇరాన్‌లోని ఫిరూజాబాద్ మేస్త్రీలు మూడో శతాబ్దంలో మూలలకు అడ్డంగా చిన్న కమానులు వేసి దాటారు. ఆరో శతాబ్దపు హేగియా సోఫియాలో వంపు తిరిగిన ముక్కోణపు పలకలతో దాటారు. బీజాపూర్‌లో ఎనిమిది పెద్ద కమానులు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి, రెండు చదరాలను మెలిపెట్టి ఒకదాని మీద ఒకటి వేసినట్టు. వాటి మధ్య ఏర్పడ్డ ముక్కోణాలు లోపలికి వాలి, పైన ఎనిమిది మూలల అంచును మోస్తాయి. గుమ్మటం సరిగ్గా ఆ అంచు మీద కాక కొంచెం వెనక్కి కూర్చుంటుంది, ముందు మిగిలిన చోటే గుసగుసల వసారా. గుమ్మటం బయటికి తోసే తోపును, లోపలికి వేలాడే ఈ బరువు సరితూచుతుందని ఫెర్గుసన్ వివరించాడు. కమానులు కోసుకునే ఈ పద్ధతి తైమూర్ల ఖురాసాన్‌లో అంతకు ముందే ఉంది. ఇంత పెద్ద కొలతలో వాడటం మాత్రం బీజాపూర్ సాహసం.

ఇక అసలు సంగతి. వాస్తు చరిత్రకారుడు పెర్సీ బ్రౌన్ వర్ణన ప్రకారం ఈ గుమ్మటం సగటు మందం 10 అడుగులు, అందులో ఇటుకలు అడ్డ వరసలుగా పరిచారు, వరసకూ వరసకూ మధ్య దళసరి సున్నం వేశారు. అది బిగిసి మొత్తం ఒకే ముద్దయింది. అంటే దక్కను సుల్తానుల గుమ్మటాల్లో అన్నిటికన్నా పెద్దది, పాఠ్యపుస్తకపు గీత ప్రకారం ఏ వైపుకూ చెందదు. వరసలు అడ్డంగా ఉన్నాయి కాబట్టి పేర్చిన కప్పు. సున్నంతో ఏకశిల అయింది కాబట్టి ఆనించిన కప్పు లాగే నిలుస్తుంది. హిందూ, ముస్లిం అని గీసిన గీతను ఈ ఒక్క కట్టడమే చెరిపేస్తుంది.

దీన్ని ప్రపంచంలో రెండో పెద్ద గుమ్మటమని చెప్పే అలవాటు ఉంది. లోపలి అడ్డకొలతతో చూస్తే అది సరికాదు. బీజాపూర్‌ది సుమారు 38 మీటర్లు, రోములో సెయింట్ పీటర్స్‌ది దాదాపు 42, పాంథియన్‌ది 43, ఫ్లోరెన్స్‌ది అంతకన్నా కొంచెం ఎక్కువ. కానీ ఒకే గుమ్మటం కింద పరుచుకున్న నేల లెక్కేస్తే బీజాపూర్ గది పాంథియన్‌ను దాటుతుంది. గుమ్మటాన్ని కొలుస్తున్నామా, గదిని కొలుస్తున్నామా అన్నది చెప్పకపోతే పోలిక దండగ.

గుండ్రంగా ఉన్నవన్నీ ఒకటి కావు

చౌసఠ్ యోగినీ ఆలయాలు గుండ్రటివి, కానీ నడుమ కప్పు లేదు. 1927లో ప్రారంభమైన ఢిల్లీ పాత పార్లమెంటు భవనం మధ్యప్రదేశ్‌లోని మితావలి యోగినీ ఆలయాన్ని చూసి కట్టిందన్న మాట బాగా చలామణీ అయింది. దానికి పోలికే ఆధారం, లిఖిత సాక్ష్యం ముందుకు రాలేదు. అదే కాలంలో కట్టిన వైస్రాయ్ భవనం గుమ్మటానికి సాంచి స్తూపంతో ఉన్న చుట్టరికం మాత్రం దాని చుట్టూ ఉన్న రాతి కంచె దగ్గరే తెలిసిపోతుంది. 1786 నాటి పట్నా గోల్‌ఘర్ కరువు భయంతో కట్టిన ధాన్యపు గాదె. దానికి ఏ సంప్రదాయపు ముద్రా వెతకాల్సిన పని లేదు.

ముంబై గోరాయ్ దగ్గర 2009లో ప్రారంభమైన విపశ్యనా పగోడాను మాత్రం ఇంత తేలిగ్గా దాటలేం. బయటి రూపం రంగూన్ ష్వేడగాన్‌ది. అక్కడ అది నిండు స్తూపం. ఇక్కడ దాన్ని బోలు చేశారు. లోపల స్తంభం లేకుండా 85 మీటర్ల అడ్డకొలత గల గుమ్మటం, ఒకదానిలో ఒకటి బిగిసేట్టు కోసిన జోధ్‌పూర్ రాళ్లతో. ఎనిమిది వేలమంది కూర్చునే గది. అండానికీ సభకూ మధ్య ఎప్పటి నుంచో ఉన్న గోడ ఈ ఒక్క కట్టడంలో కూలింది.

తేలనివి

నిజంగా తేలాల్సినవి మూడు చోట్ల ఉన్నాయని నా అంచనా. మొదటిది పోయిన కప్పులు. బైరాట్‌లో, విశాఖ దగ్గర తొట్లకొండలో గుండ్రటి చైత్యగృహాల గోడ అడుగులు దొరికాయి, కప్పులు దొరకలేదు. శ్రీలంకలో స్తూపాల చుట్టూ నిలిచిన రాతి స్తంభాల వలయాలు, వటదాగెలు, గుమ్మటపు కొయ్య కప్పును మోసేవా లేదా అన్న దాని మీద పురావస్తు శాస్త్రవేత్త పరణవితాన కాలం నుంచి వాదం నడుస్తూనే ఉంది. తుర్క్‌మెనిస్తాన్‌లో పార్థియన్ల నిసా కోటలోని 17 మీటర్ల గుండ్రటి సభకు ముందు ఒక రకం కప్పు ఊహించారు, తర్వాత తవ్వినవారు నేల దగ్గర నుంచే లేచే ఇటుక గుమ్మటమని వాదించారు. అది నిజమైతే ఇరాన్ గుమ్మటపు చరిత్ర ఇంకా వెనక్కి జరుగుతుంది. అప్పుడు ఎవరు ఎవరి దగ్గర నేర్చారన్న కాలక్రమమంతా మళ్లీ వేసుకోవాలి.

రెండోది సున్నం. హబీబ్ వాదం నిలవాలంటే పన్నెండో శతాబ్దానికి ముందు, తర్వాత కట్టిన గోడల గారలను పక్కపక్కన పెట్టి పరీక్షించాలి. ఏ కొండ సున్నపురాయి, ఎంత సుర్కి (ఇటుక పొడి), ఎన్ని రోజులు డంగులో నూరారు అన్నవి గారలో ఆనవాళ్లుగా ఉంటాయి.

మూడోది చేతులు. గుల్బర్గా శాసనం రఫీ పేరు చెప్పింది. ఆయన గీసిన గుమ్మటానికి డంగుసున్నం నూరిన వారి పేర్లు, పరంజా ఎక్కి వరసలు పరిచిన వారి పేర్లు అందులో లేవు. వారు పారశీకం నుంచి వచ్చినవారా, అంతకు ముందు ఆలయాలకు రాయి పేర్చిన కుటుంబాలవారా? శాసనాలు చెప్పకపోయినా ఇటుక వరసలు చెప్పగలవు. వరస అడ్డంగా ఉందా, నడిమధ్యకు వాలిందా, ఎంత ఎత్తు దగ్గర వాలడం మొదలైంది అన్నది లేజర్ కొలతలతో పూత ఊడిన ప్రతి చోటా నమోదు చేయవచ్చు. గోల్కొండ, బీదర్, గుల్బర్గా, బీజాపూర్ గుమ్మటాల వరసల వాలును ఒకే పట్టికలో పెట్టి, పక్కన అబూ వితానాల కొలతలు పెడితే, పాత పనితనం కొత్తదానిలోకి ఏ దశాబ్దంలో, ఏ ఊళ్లో కలిసిందో చూపడానికి వీలుంటుంది.